గొర్రె పిండాలు 8 కణాల దగ్గర ఆగిపోతుంటే: మీడియం మార్చే ముందు చూసుకోవలసినవి

కందుకూరు నుంచి పశువైద్యంలో పీజీ చేస్తున్న విద్యార్థి ఒకరు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. నెల్లూరు కబేళా నుంచి తెచ్చిన జోడిపి గొర్రెల అండాశయాల్లోంచి ఊసైట్లు (అండకణాలు) తీసి, ల్యాబులో పరిపక్వం చేయించి, ఫలదీకరణ జరిపితే నూటికి 70 దాకా విభజన చెందుతున్నాయి, కానీ బ్లాస్టోసిస్ట్ దశకు (పిండం లోపల నీటిగది ఏర్పడే దశ) చేరేవి 10కి మించడం లేదు. ఎక్కువ భాగం 8 నుంచి 16 కణాల మధ్య ఆగిపోయి, ఆ తర్వాత నల్లబడి ముక్కలవుతున్నాయి. పిండాలను పెంచే పోషక ద్రావణం, అంటే ఎస్‌ఓఎఫ్ (సింథటిక్ ఓవిడక్ట్ ఫ్లూయిడ్) మీడియం, వారే తయారు చేసుకుంటున్నారు. ప్రోటోకాల్ బెంగళూరులోని ఒక ల్యాబు నుంచి తెచ్చుకున్నది. ఇంక్యుబేటర్‌లో కార్బన్ డయాక్సైడ్ 6 శాతం, మిగతాదంతా గది గాలి. ఇప్పుడు ఖరీదైన రెడీమేడ్ మీడియం తెప్పించుకోవాలా, లేక ఉన్నదానికే గ్రోత్ ఫ్యాక్టర్లు (పెరుగుదలను ప్రేరేపించే ప్రోటీన్లు), మెలటోనిన్ కలిపి చూడాలా అన్నది వారి సందేహం.

నా సమాధానం ముందే చెబుతాను. ఆ రెండింటిలో దేనికీ ఇప్పుడు డబ్బు పెట్టవద్దు. పిండాల కల్చర్ (ల్యాబులో పెంచడం) గత 70 ఏళ్లలో మెరుగుపడిన తీరు చూస్తే, కొత్త పదార్థాలు కలపడం వల్ల వచ్చిన లాభం కన్నా, పిండానికి హాని చేస్తున్నదాన్ని గుర్తించి తీసేయడం వల్ల వచ్చిన లాభమే ఎక్కువ. మీ వివరాల్లో అలా తీసేయదగినవి కనీసం మూడు కనిపిస్తున్నాయి.

ముందు ఆ 8 కణాల సంగతి. ఫలదీకరణ అయిన తర్వాత మొదటి కొన్ని విభజనలు పిండం సొంత జన్యువుల ఆధారంగా జరగవు. అండాశయంలో ఉన్నప్పుడే ఊసైట్ కూడబెట్టుకున్న ఆర్‌ఎన్‌ఏ, ప్రోటీన్లతోనే అవి నడుస్తాయి. పిండం తన జన్యువులను పెద్ద ఎత్తున చదువుకోవడం మొదలుపెట్టే దశ ఎలుకలో 2 కణాల దగ్గర, పందిలో 4 కణాల దగ్గర, మనిషిలో 4 నుంచి 8 కణాల మధ్య, ఆవులో, గొర్రెలో 8 నుంచి 16 కణాల మధ్య వస్తుంది. ల్యాబులో పిండాలు మొండికేసి ఆగేదీ సరిగ్గా అక్కడే. అయితే పిండం ఆగిన చోటు, దానికి దెబ్బ తగిలిన చోటు ఒకటే కానక్కరలేదు. ఒక కణం, రెండు కణాల దశలో తగిలిన ఆక్సిజన్ దెబ్బో, పీహెచ్ దెబ్బో అప్పటికప్పుడు కంటికి కనబడదు. కూడబెట్టుకున్న సరుకుతో పిండం మరో రెండు విభజనలు నెట్టుకొస్తుంది, సొంత జన్యువులు తెరవవలసి వచ్చినప్పుడు కూలబడుతుంది. అందుకని మూడో రోజు ఆగిన పిండాన్ని చూసి మూడో రోజు మీడియంలో తప్పు వెతకడం సరికాదు. మొదటి 24 గంటల్లో దానికేం జరిగిందో వెతకాలి.

చరిత్ర కొంచెం చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్నకు అందులో నేరుగా జవాబుంది. 1949లో హామండ్ 8 కణాల ఎలుక పిండాలను గుడ్డు సొన కలిపిన ఉప్పునీటి ద్రావణంలో బ్లాస్టోసిస్ట్ దాకా పెంచాడు. 1956లో విట్టెన్ అదే పనిని బైకార్బొనేట్ ఉన్న ఉప్పుల ద్రావణంలో, బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని అల్బుమిన్ ప్రోటీన్) కలిపి సాధించాడు. 1958లో మెక్‌లారెన్, బిగ్గర్స్ అలా పెంచిన పిండాలను తల్లి ఎలుకల్లో పెట్టి బతికిన పిల్లలను పుట్టించారు. 1963లో బ్రిన్‌స్టర్ నూనె కింద చిన్న చుక్కల్లో పెంచే పద్ధతి తెచ్చాడు. మనం ఈ రోజుకీ చేస్తున్నది అదే. పెద్ద జంతువుల పిండాలకు అప్పట్లో దారి లేదు. వాటిని ఎక్కడికైనా పంపాలంటే మరో జంతువు శరీరమే ఇంక్యుబేటర్. 1962లో ఇంగ్లండ్ నుంచి దక్షిణాఫ్రికాకు గొర్రె పిండాలను కుందేలు అండవాహికలో పెట్టి విమానంలో పంపారు. అక్కడ వాటితో గొర్రెపిల్లలు పుట్టాయి కూడా.

1972లో టెర్విట్, విట్టింగ్‌హామ్, రౌసన్ కలిసి, గొర్రె అండవాహికలోని ద్రవం మీద అంతకుముందు జరిగిన విశ్లేషణ కొలతల ప్రకారం ఒక ద్రావణం తయారు చేశారు. మీరు వాడుతున్న ఎస్‌ఓఎఫ్ అదే. అంటే మీ మీడియం మీ జంతువును చూసి తయారైనదే, దాన్ని అనుమానించడానికి పెద్దగా కారణం లేదు. అయితే ఆ ముగ్గురూ ఆ ద్రావణాన్ని గది గాలి కింద వాడలేదు, 5 శాతం ఆక్సిజన్ కింద వాడారు. చాలా ల్యాబులు ఎస్‌ఓఎఫ్ ఫార్ములా రాసుకున్నాయి గాని ఆ రెండో సగాన్ని వదిలేశాయి.

తర్వాతి పరిశోధనలు కూడా ఇదే దారి. 1988లో షినీ, బావిస్టర్ హ్యామ్‌స్టర్ పిండాలు 2 కణాల దగ్గర ఆగిపోవడానికి మీడియంలోని గ్లూకోజు, ఫాస్ఫేటు కారణమని చూపించారు. అవి రెండూ తీసేస్తే పిండాలు కదిలాయి. 1989లో చాటో బృందం ఎలుక పిండాల కోసం గ్లూకోజు లేకుండా, లోహ అయాన్లను పట్టేసే ఈడీటీఏ, గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లం చేర్చి సీజడ్‌బీ మీడియం తెచ్చింది. తర్వాత వచ్చిన కేఎస్‌ఓఎమ్ అనే మీడియంలో గ్లూకోజు 0.2 మిల్లీమోలార్ మాత్రమే. సీరమ్ (రక్తం గడ్డకట్టాక వేరయ్యే ద్రవం) విషయంలోనూ అంతే, దాని గురించి తర్వాత చెబుతాను.

ఇక మీ ల్యాబు. మొదటి అనుమానం ఆక్సిజన్. గది గాలిలో అది దాదాపు 20 శాతం. అండవాహికలో, గర్భాశయంలో కొలిచినప్పుడు జంతువును బట్టి సుమారు 2 నుంచి 8 శాతమే కనిపించింది. ఎక్కువ ఆక్సిజన్‌లో పిండం లోపల పుట్టే చురుకైన ఆక్సిజన్ అణువులు డీఎన్‌ఏను, కొవ్వు పొరలను, మైటోకాండ్రియాను దెబ్బతీస్తాయి. తల్లి కడుపులో దాన్ని సర్దుకునే రక్షణ ఉంటుంది, మీ చుక్కలో ఉండదు. మెలటోనిన్ కలపాలని మీకు ఎవరో చెప్పింది ఈ దెబ్బను తగ్గించడానికే. ఆక్సిజన్‌ను 20 దగ్గరే ఉంచి మెలటోనిన్ పోయడం కుంటి ఎద్దుకు కొత్త పట్టెడ కట్టినట్టుంటుంది. ముందు ఆక్సిజన్‌ను 5కు దించండి.

దీనికి మూడు వాయువుల ఇంక్యుబేటర్ కొననక్కరలేదు. 5 శాతం కార్బన్ డయాక్సైడ్, 5 శాతం ఆక్సిజన్, 90 శాతం నైట్రోజన్ ముందే కలిపిన సిలిండర్ ఒకటి, గాలి చొరబడకుండా మూసుకునే ఒక ప్లాస్టిక్ చాంబర్ ఉంటే చాలు. చాంబర్ అడుగున స్టెరైల్ నీళ్లున్న డిష్ పెట్టి, పైన పిండాల డిష్‌లు పేర్చి, వాయువును నీళ్లలో బుడగలుగా పంపించి తేమ పట్టనిచ్చి, కొన్ని నిమిషాల పాటు చాంబర్‌లోకి వదిలి, క్లిప్పులు బిగించి, దాన్నంతటినీ మీ పాత ఇంక్యుబేటర్‌లోనే పెట్టవచ్చు. ఇక్కడ చాలామంది ఒక పని చెయ్యరు. డిష్ ప్లాస్టిక్‌లోనూ నూనెలోనూ కరిగి ఉన్న పాత గాలి మొదటి గంటలో మెల్లగా బయటికి వచ్చి చాంబర్‌లోని ఆక్సిజన్‌ను మళ్లీ పెంచుతుంది. అందువల్ల ఒక గంట తర్వాత చాంబర్‌ను మరోసారి అదే వాయువుతో నింపాలి. చుక్కలు వేసిన డిష్‌లను కూడా పిండాలు పెట్టడానికి ముందు రాత్రే ఇదే వాయువులో ఉంచాలి. నూనె పొర కింద ఉన్న మీడియం కొత్త వాయువుకు అలవాటు పడటానికి గంటలు పడుతుంది. ఈ ఏర్పాటులో మరో లాభం, కరెంటు పోయినా చాంబర్ లోపలి వాయువు మారదు. కార్తీకంలో మన తీరానికి తుఫాను వచ్చి సరఫరా పోతే అప్పుడు మీరు కాపాడుకోవలసింది వేడి ఒక్కటే, దానికి ఇన్వర్టర్ సరిపోతుంది.

రెండో అనుమానం, బెంగళూరు నుంచి వచ్చిన 6 శాతం. బైకార్బొనేట్ ఉన్న మీడియం పీహెచ్‌ను నిర్ణయించేది కార్బన్ డయాక్సైడ్ శాతం కాదు, దాని పీడనం. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి పీడనం 685 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర ఉంటుంది. నెల్లూరు, కందుకూరు దాదాపు సముద్రమట్టం మీదే ఉన్నాయి, ఇక్కడ 760. ఇంక్యుబేటర్ లోపల 38.5 డిగ్రీల వద్ద నీటి ఆవిరి పీడనం 51 దాకా ఉంటుంది కాబట్టి దాన్ని తీసేసి లెక్క వేయాలి. అక్కడ 6 శాతం అంటే సుమారు 38 మిల్లీమీటర్లు, ఇక్కడ అదే 6 శాతం 42.5 అవుతుంది. అక్కడి పీహెచ్ ఇక్కడ రావాలంటే మీరు 5.4 దగ్గర పెట్టాలి. తేడా పీహెచ్‌లో 0.05 మాత్రమే, దానంతట అది పిండాలను చంపదు. కానీ సెన్సర్ కొంచెం తప్పు చూపుతూ ఉండి, తయారు చేసేటప్పుడు బైకార్బొనేట్ కొంచెం తగ్గి ఉండి, ఇది కూడా వాటికి తోడైతే మూడూ ఒకే వైపు లాగుతాయి. బైకార్బొనేట్ మారకుండా కార్బన్ డయాక్సైడ్ 6 నుంచి 5కు తగ్గితే పీహెచ్ 0.08 దాకా పెరుగుతుందని గుర్తుంచుకుంటే సర్దుబాటు సులువు. ఆ 5.4 కూడా మీ పాత ఏర్పాటుకే. ముందే కలిపిన వాయువు వాడితే 5 శాతం మీ చేతిలో ఉండదు కాబట్టి, అప్పుడు సర్దవలసి వస్తే బైకార్బొనేట్‌నే సర్దాలి. లక్ష్యం 7.2 నుంచి 7.4 మధ్య. ఇంక్యుబేటర్ తలుపు మీద కనిపించే అంకెను నమ్మకుండా, ఒక రాత్రి లోపల ఉంచిన మీడియంను బయటికి తీసిన వెంటనే కొలవండి. బ్లడ్ గ్యాస్ యంత్రం ఉన్న ఆసుపత్రి దగ్గరుంటే అడిగి వాడుకోవచ్చు, అది నమ్మదగిన కొలత ఇస్తుంది. మామూలు పీహెచ్ మీటర్‌తో కొలిస్తే, బయట గాలి తగిలిన కొద్దీ కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోయి అంకె పైకి పాకుతూ ఉంటుంది. మొదటి స్థిరమైన అంకెనే రాసుకోవాలి.

అదే కారణంగా మైక్రోస్కోప్ కింద పిండాలను కడిగేటప్పుడు, లెక్కపెట్టేటప్పుడు బైకార్బొనేట్ మీడియం వాడవద్దు. హెపెస్ (గాలి తగిలినా పీహెచ్‌ను నిలిపే బఫర్) ఉన్న మీడియం వాడండి. డెనూడింగ్‌కు (చుట్టూ అంటుకున్న కణాలను తొలగించడానికి) మీరు ఎంతసేపు తీసుకుంటున్నారో ఒకసారి గడియారం పెట్టి చూసుకోండి. పైగా వేడి స్టేజీ మీద 38.5 అని పెట్టినంత మాత్రాన డిష్ లోపలి చుక్క 38.5 ఉండదు. డిష్ అడుగుకూ స్టేజీకీ మధ్య గాలి ఖాళీ ఉంటుంది. సన్నని థర్మోకపుల్ తీగ చుక్కలో పెట్టి చూస్తే రెండు మూడు డిగ్రీలు తక్కువగా కనిపించడం మామూలే. ఏసీ నేరుగా హుడ్ (శుద్ధి చేసిన గాలి వీచే పనిబల్ల) మీద కొడుతుంటే ఇంకా ఎక్కువ.

ఏసీ అన్నాను కాబట్టి, ఆస్మొలాలిటీ (ద్రావణంలో కరిగిన పదార్థాల గాఢత) గురించి. ఎస్‌ఓఎఫ్ సాధారణంగా 270 నుంచి 280 మిల్లీఆస్మోల్ దగ్గర పెడతారు. సీసాలో మీరు 275 కొలిచి సంతోషిస్తారు. తర్వాత హుడ్‌లోని గాలి ప్రవాహం (లామినార్ ఫ్లో) ఆన్ చేసి, వేడి స్టేజీ మీద డిష్ పెట్టి, 20 మైక్రోలీటర్ల చుక్కలు ఒక్కొక్కటే నింపాదిగా వేసి, అన్నీ వేశాక నూనె పోస్తారు. అంతసేపూ ఆ చిన్న చుక్కల మీద నుంచి పొడిగాలి వీస్తూనే ఉంటుంది. మొదట వేసిన చుక్కలో నీరు ఆవిరై ఉప్పు చిక్కబడుతుంది. అదే డిష్‌లో మొదటి చుక్కలోని పిండాలు ఆగిపోయి చివరి చుక్కలోవి ముందుకు పోతుంటే, కారణం ఇదేనేమో చూడండి. తొలి దశ పిండాలకు ఆస్మొలాలిటీ పెరగడం చాలా చేటు. గ్లైసీన్ లాంటి అమైనో ఆమ్లాలను లోపలికి లాక్కుని అవి తమ పరిమాణాన్ని నిలబెట్టుకుంటాయి, ఆ శక్తికి ఒక హద్దుంది. పరిష్కారం సులువు. స్టేజీ వేడి ఆపి, ఫ్లో తగ్గించి, ఒకసారికి ఒక్క డిష్ మాత్రమే తీసుకుని, నాలుగైదు చుక్కలు వేయగానే నూనె పోసి, అప్పుడు చుక్కలోకి పైపెట్ మళ్లీ దించి పాత మీడియం తీసి కొత్తది నింపండి.

నూనె గురించి వేరే చెప్పాలి. మినరల్ ఆయిల్ వేడికీ వెలుతురుకూ పెరాక్సైడ్లు పుట్టిస్తుంది, అవి పిండానికి విషం. రోహిణి కార్తెలో మన దగ్గర 45 డిగ్రీలు చూసినప్పుడు, కొరియర్ వాడు రెండు రోజులు గోదాములో ఉంచి తెచ్చిన సీసాను లేబుల్ చూసి నమ్మడం మంచిది కాదు. వేసవిలో నూనె తెప్పించడం మానండి, ఫిబ్రవరిలోపే తెప్పించి చల్లగా, చీకట్లో ఉంచండి. కొత్త సీసా తెరిచిన ప్రతిసారీ ఒకే బ్యాచ్ ఊసైట్లను రెండుగా విడదీసి సగం పాత నూనె కింద, సగం కొత్త నూనె కింద పెట్టి, బ్లాస్టోసిస్ట్ దాకా చూడండి. విభజన సమానంగా ఉండి బ్లాస్టోసిస్ట్‌లు ఒకవైపు మాత్రమే తగ్గితే సీసా పక్కన పెట్టేయండి. ఎలుక పిండాల పరీక్షలో నెగ్గిన నూనె కూడా రవాణాలో చెడిపోవచ్చు, ధృవపత్రం ఫ్యాక్టరీ గేటు దాకానే.

మూడో అనుమానం నీళ్లు. మీరు మీడియం సొంతంగా చేసుకుంటున్నారంటే ఇది అన్నిటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న. పశ్చిమ ప్రకాశంలో, ముఖ్యంగా కనిగిరి వైపు, బోరు నీటిలో ఫ్లోరైడు, ఉప్పులు ఎంత ఉంటాయో అక్కడివాళ్లకు చెప్పనక్కరలేదు. కందుకూరు ప్రాంతపు బోరు నీరు కూడా తేలికైనదేమీ కాదు. అలాంటి నీటిని శుద్ధి యంత్రంలోకి పంపితే ఆర్‌ఓ పొర, రెసిన్ క్యాట్రిడ్జులు కంపెనీ చెప్పిన గడువుకు చాలా ముందే అయిపోతాయి. తెర మీద 18.2 మెగాఓమ్ అని చూపిస్తున్నా అది అయాన్ల సంగతే చెబుతుంది, సేంద్రియ పదార్థాల సంగతీ, బాక్టీరియా వదిలే ఎండోటాక్సిన్ సంగతీ చెప్పదు. ఒక మాట అంటాను. ఖరీదైన మీడియం కోసం పెట్టాలనుకున్న డబ్బులో చిన్న భాగంతో పిండాల కోసం పరీక్షించిన నీరు ఒక సీసా కొని, అదే ఎస్‌ఓఎఫ్‌ను ఆ నీటితో చేసి, మీ నీటితో చేసిన దానితో పక్కపక్కన పెట్టి పోల్చండి. తేడా లేకపోతే నీటి మీద అనుమానం పోతుంది, తేడా ఉంటే ఒక పెద్ద దోషం దొరికినట్టే.

గది గాలి కూడా మీడియంలో భాగమే. ఆవిరయ్యే రసాయనాలు నూనెలో ఇట్టే కరిగి పిండం దాకా చేరతాయి. ల్యాబు గచ్చును పినాయిలుతో తుడవడం, ఇంక్యుబేటర్ పక్కనే స్పిరిటు దూది వాడటం, కొత్తగా వేసిన పెయింటు, ప్యాకెట్ తెరిచిన వెంటనే వాడిన ప్లాస్టిక్ డిష్‌లు, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. ఆయుధపూజ నాడు ఇంక్యుబేటర్‌కు పసుపు కుంకుమ పెట్టి, దాని ముందే సాంబ్రాణి, హారతి కర్పూరం వెలిగించే ల్యాబులు మన దగ్గర తక్కువేం కాదు. భక్తికి నేను అడ్డు చెప్పను, బొట్టు పెట్టి, పొగ వరండాలో వేసుకోండి. పిండాలున్న రోజు మాత్రం ఆ గదిలో వద్దు.

ఇంతవరకు చెప్పినవి సర్దుకున్నాక మీడియంలోకి రండి. ఎస్‌ఓఎఫ్ మూల ఫార్ములాలో గ్లూకోజు 1.5 మిల్లీమోలార్, పైరువేట్ 0.33, లాక్టేట్ 3.3. తొలి మూడు రోజులు గొర్రె పిండం ప్రధానంగా పైరువేట్, లాక్టేట్, అమైనో ఆమ్లాల మీద బతుకుతుంది. మొరూలా (కణాల ముద్దగా ఉన్న పిండం) గట్టిపడి, లోపల నీటిగది ఏర్పడే సమయానికి గ్లూకోజు అవసరం బాగా పెరుగుతుంది. కాబట్టి మొదటి 72 గంటలు గ్లూకోజు తక్కువగా, తర్వాత ఎక్కువగా ఉండే రెండంచెల పద్ధతి అర్థవంతమైనదే. ఒకే మీడియం మొత్తం కాలం వాడి మంచి ఫలితాలు తెచ్చిన ల్యాబులూ ఉన్నాయి. ఈ వాదనలో నేను ఏ పక్షమూ కాదు, కాని మొదటి మూడు రోజుల తర్వాత చుక్క మార్చడం మాత్రం తప్పనిసరి అంటాను, అందుకు కారణం అమ్మోనియా. అమైనో ఆమ్లాలు చేర్చినప్పటి నుంచి పిండాల కల్చర్ చాలా బాగుపడింది. గ్లైసీన్, అలనీన్ లాంటి అనవసర వర్గం (శరీరం తానే తయారుచేసుకోగల) అమైనో ఆమ్లాలు తొలి విభజనలకూ, అవసర వర్గం అంతర కణసమూహానికీ (తర్వాత పిల్లగా మారే భాగం) తోడ్పడతాయి. కానీ 37, 38 డిగ్రీల దగ్గర గ్లూటమిన్ తనంతట తానే విరిగి అమ్మోనియాను వదులుతుంది, పిండం లేకపోయినా సరే. ఇంక్యుబేటర్‌లో రోజుల తరబడి ఉంచిన చుక్క ఆ అమ్మోనియాతో నిండుతుంది. గ్లూటమిన్ స్థానంలో అలనైల్-గ్లూటమిన్ అనే జంట అణువు వాడితే ఈ బెడద చాలావరకు పోతుంది. మీరు కలపదలచుకున్న గ్రోత్ ఫ్యాక్టర్ ధరతో పోలిస్తే ఇది చాలా తక్కువ.

సీరమ్ గురించి. పదో ఇరవయ్యో శాతం సీరమ్ కలిపితే బ్లాస్టోసిస్ట్‌లు ఒక రోజు ముందే కనిపిస్తాయి, చూడటానికి సంతోషంగా ఉంటుంది. ఆ పిండాల్లో కొవ్వు చుక్కలు పేరుకుని నల్లగా ఉంటాయి, ద్రవ నైట్రోజన్‌లో నిలువ చేసి కరిగిస్తే బతికేవి తగ్గుతాయి. అంతకన్నా పెద్ద సమస్య, సీరమ్ ఉన్న కల్చర్ నుంచి వచ్చిన గొర్రెల్లోనూ పశువుల్లోనూ అసాధారణంగా పెద్ద పిల్లలు పుట్టడం, కాన్పు కష్టం కావడం, పుట్టాక చనిపోవడం. 2001లో యంగ్ బృందం గొర్రెల్లో ఇలాంటి పిండాలకు పెరుగుదలను అదుపుచేసే ఐజీఎఫ్2ఆర్ జన్యువు మీది మిథైల్ గుర్తులు (జన్యువు పనిని నియంత్రించే రసాయన ముద్రలు) చెదిరిపోవడాన్ని చూపించింది. కల్చర్ చేసిన వారం రోజుల ప్రభావం ఐదు నెలల తర్వాత కాన్పులో బయటపడిందన్నమాట. కల్చర్‌లో సీరమ్ వాడకండి. కొవ్వు ఆమ్లాలు తీసేసిన బీఎస్‌ఏ వాడండి, అది కూడా ఒక లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) పరీక్షించి బాగుంటే అదే లాట్‌ను ఏడాదికి సరిపడా కొనిపెట్టుకోండి. బీఎస్‌ఏ లాట్ల మధ్య తేడా మనం అనుకునే దానికన్నా ఎక్కువ.

ఇప్పుడు కొంచెం చేదు మాట. ఇవన్నీ సరిచేసినా మీ అంకె 10 నుంచి 30కి ఎగబాకకపోవచ్చు. 2002లో ఐర్లండ్‌లో రిజోస్, లోనర్గన్ బృందం ఒక అందమైన ప్రయోగం చేసింది. ల్యాబులో పరిపక్వమై ఫలదీకరణ అయిన ఆవు పిండాలను కొన్ని ల్యాబులోనూ, కొన్ని బతికున్న గొర్రె అండవాహికలోనూ పెంచారు. బ్లాస్టోసిస్ట్ శాతం రెండు చోట్లా ఇంచుమించు ఒకటే. కానీ గొర్రె అండవాహికలో పెరిగినవి గడ్డకట్టించి కరిగించినప్పుడు ల్యాబువాటికన్నా ఎంతో మెరుగ్గా బతికాయి. ఎన్ని బ్లాస్టోసిస్ట్‌లు వస్తాయన్నది ముఖ్యంగా ఊసైట్ చేతిలో ఉంది, వచ్చినవి ఎంత నాణ్యంగా ఉంటాయన్నది కల్చర్ చేతిలో ఉంది అన్నది దాని సారం. మంచి కల్చర్ చెడ్డ ఊసైట్‌ను బాగుచేయలేదు. చెడ్డ కల్చర్ మాత్రం మంచి ఊసైట్‌ను పాడుచేస్తుంది.

అందుకే కబేళా దగ్గరి నుంచి లెక్క మొదలుపెట్టాలి. అండాశయాలను వెచ్చని సెలైన్‌లో, థర్మోస్‌లో, 30 నుంచి 35 డిగ్రీల మధ్య, మూడు నాలుగు గంటలు మించకుండా తేవాలి. నెల్లూరు నుంచి కందుకూరుకు మే నెలలో బైకు వెనక కట్టిన థర్మోస్ లోపల ఏ డిగ్రీ ఉందో ఒకసారి థర్మామీటర్ వేసి చూడండి. మూడు పొరలకు తక్కువ కాకుండా క్యుములస్ కణాలు చుట్టుకుని, లోపలి పదార్థం ఒకే రంగులో ఉన్న ఊసైట్లనే లెక్కలోకి తీసుకోండి. మిగతావి కూడా వేసి శాతం తగ్గించుకోవద్దు. వేసవి ప్రభావం గురించి కూడా జాగ్రత్త. ఎండదెబ్బ తిన్న ఫాలికల్‌లో (అండాశయంలో ఊసైట్ పెరిగే బుడగ) పెరిగిన ఊసైట్ బలహీనంగా ఉంటుంది, పశువుల్లో ఎండలు తగ్గాక కూడా రెండు మూడు ఎద చక్రాల దాకా ఆ ప్రభావం పోదని తేలింది. జూన్‌లో పాత మీడియం, అక్టోబరులో కొత్త మీడియం వాడి, కొత్తది మంచిదని థీసిస్‌లో రాస్తే పరీక్షకులు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

దాంతో పోలిక ఎలా చేయాలన్న సంగతి వస్తుంది. ఒకసారికి ఒకటే మార్చండి. అదే రోజు వచ్చిన ఊసైట్లను కలిపేసి, యాదృచ్ఛికంగా రెండు భాగాలు చేసి, పాత పద్ధతి ఒకటి, కొత్త పద్ధతి ఒకటి పక్కపక్కన నడపండి. బ్లాస్టోసిస్ట్ 10 శాతం నుంచి 20 శాతానికి పెరిగిందని గట్టిగా చెప్పాలంటే ఒక్కో వైపు సుమారు 200 పిండాలు కావాలి. 20 నుంచి 30కి పెరిగిందనాలంటే ఒక్కో వైపు దాదాపు 300. ముప్పై ముప్పై వేసి తేడా కనిపించిందని సంబరపడటం, కనిపించలేదని నిరాశపడటం రెండూ తొందరపాటే. శాతం దేనికి లెక్క వేశారో ప్రతిసారీ రాయండి. మీరు చెప్పిన 10, వేసిన ఊసైట్లకా, విభజన చెందినవాటికా అన్నది మీ ప్రశ్నలో లేదు, 100 వేసి 70 విభజించిన చోట ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. శాతంతో పాటు నాణ్యత కూడా చూడండి. ఏడో రోజు బ్లాస్టోసిస్ట్‌లలోని కణాలను హోక్స్ట్ అనే రంగు పట్టించి లెక్కపెట్టడం, విట్రిఫికేషన్ (అతి వేగంగా గడ్డకట్టించడం) తర్వాత ఎన్ని మళ్లీ ఉబ్బుతున్నాయో చూడటం, ఈ రెండూ మీ ల్యాబులో చేయదగినవే. ఆక్సిజన్ తగ్గించినందువల్ల శాతం పెద్దగా పెరగకపోయినా కణాల సంఖ్య పెరిగితే ఆ మార్పు నిలబెట్టుకోవలసిందే.

మీరు చివర్లో, ఇదంతా ముందు ముందు ఒంగోలు ఆవులకు పనికొస్తుందా అని అడిగారు. మూలసూత్రాలు అన్నీ పనికొస్తాయి, అంకెల్లో చిన్న తేడాలుంటాయి. మన ఒంగోలు జాతి నుంచి పుట్టి, నెల్లూరు పేరుతో బ్రెజిల్‌లో నెలోరెగా పేరుకెక్కిన పశువులు అక్కడ ల్యాబు పిండాల పరిశ్రమ ఎదుగుదలకు వెన్నెముకగా నిలిచాయి. ఆ జాతి ఆవుల అండాశయంలో ఒకేసారి కనిపించే చిన్న ఫాలికల్‌ల సంఖ్య యూరప్ జాతులకన్నా ఎక్కువ కావడం, అందువల్ల ఒక్కో ఆవు నుంచి సూదితో తీసే ఊసైట్లు ఎక్కువ రావడం అందుకు ఒక కారణం. మన రాష్ట్రంలో ఆవు అండాశయాలు కబేళా నుంచి రావు కాబట్టి మీకు దొరికేవి బతికున్న దాత ఆవుల ఊసైట్లే, వాటిని ఆవుల వారీగా విడిగా పెంచాలి. చిక్కు అక్కడే వస్తుంది. పిండాలు గుంపుగా ఉంటే ఒకదానికొకటి తోడ్పడతాయి, 50 మైక్రోలీటర్ల చుక్కలో 20 ఉన్నప్పుడు వచ్చే ఫలితం అదే చుక్కలో 4 ఉంటే రాదు. ఒక ఆవుకు 4 పిండాలే దొరికితే చుక్కను 10 మైక్రోలీటర్లకు తగ్గించి నిష్పత్తి కాపాడుకోండి. ఆవిరి నష్టం అంత చిన్న చుక్కలో ఇంకా ఎక్కువ కాబట్టి, ముందు నూనె పోసి, దాని కిందికి పైపెట్ దించి చుక్క వేయడం అలవాటు చేసుకోండి. ఆ పని గొర్రె పిండాల మీద ఇప్పుడే చేయి తిరిగేలా నేర్చుకోవచ్చు.